ఎంగిలి కాని సీసా

మా స్నేహితురాలి కూతురు అంజలి చాండ్లర్‌లో పుట్టి పెరిగిన పిల్ల. ఈ మధ్య ఒక పెద్ద దుకాణాల కంపెనీలో వైన్ కొనే ఉద్యోగంలో చేరింది. చేరిన వారానికే ఫోన్ చేసి, "ఆంటీ, మీరు ఎయిటీస్‌లో సేమ్ జాబ్ చేశారంట కదా, మమ్మీ చెప్పింది. నాకు కొంచెం టిప్స్ ఇవ్వరా?" అని అడిగింది. ఫోన్లోనే చెప్పడం మొదలుపెట్టాను. పావుగంటకి ఆ పిల్లకి మీటింగ్ వచ్చింది, నాకు కోపం వచ్చింది. ఇలా కాదు, కూర్చుని రాస్తేనే నయమనిపించింది.

నేను వైన్ పండితురాలిని కాను. పదేళ్ళ పాటు ఒక డిస్కౌంట్ దుకాణంలో, తోటలో నీళ్ళు పెట్టే గొట్టాల పక్కనున్న అరల వరసకి వైన్ కొన్నాను, అంతే. ఆ పదేళ్ళలో ఒక్క గ్లాసు కూడా పూర్తిగా తాగలేదు. నోట్లో పోసుకుని ఉమ్మేయడమే నా ఉద్యోగం. అయినా ఆ వరసలో మంచి సరుకు దొరుకుతుందని ఫీనిక్స్ నుంచి కూడా కార్లేసుకుని వచ్చేవారు. ఈ మాట అణకువగా చెప్పడం నాకు చేతకాదు.

జీతం ఎప్పుడు ఎంత పెరిగిందో, ఏ ఫారాలు నింపానో రాయను. అవి ఎవరికైనా ఒకటే. నాకు పని నేర్పిన ఒక తప్పు గురించి, ఒక యజమాని గురించి, ఒక మధ్యాహ్నం గురించి రాస్తాను.

కెమిస్ట్రీ చదివావుగా

డెబ్బైల చివర్లో మా ఆయన ప్రసాద్‌కి చాండ్లర్ వైపు కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. అప్పుడక్కడ ఇళ్ళకన్నా పత్తి చేలే ఎక్కువ. నాకు గుంటూరులో చదివిన కెమిస్ట్రీ ఎమ్మెస్సీ ఉంది. దాన్ని చూసి నన్ను పిలిచినవాళ్ళు ఒక్కరూ లేరు. చివరికి ఇంటికి దగ్గర్లో ఉన్న డిస్కౌంట్ దుకాణంలో కౌంటర్ దగ్గర చేరాను.

ఆ దుకాణం వాల్ట్ అనే ఆయనది. నేవీలో పనిచేసి వచ్చిన భారీ మనిషి. చీపురు నుంచి టీవీ దాకా ఏదైనా సరే, ఇంకొకరు వదిలించుకోవాలనుకున్న సరుకుని చవగ్గా కొని చవగ్గా అమ్మేవాడు. నేను చేరిన ఆరు నెలలకి వైన్ చూసుకునే మనిషి చెప్పాపెట్టకుండా మానేశాడు. వాల్ట్ నా దరఖాస్తు బయటికి తీశాడు.

"కెమిస్ట్రీ అని రాశావు కదా వాసూ. వైన్ కూడా కెమిస్ట్రీయే. రేపటి నుంచి ఆ వరస నీది," అన్నాడు. వసుంధర అనే పేరుని అతను మొదటి రోజే సగానికి కోసేశాడు.

ఇంటికొచ్చి చెబితే ప్రసాద్ నవ్వాడు. "మనింట్లో ఎవరూ ముట్టనే ముట్టరు కదా వసూ, మంచిదో కాదో నీకెలా తెలుస్తుంది?"

"చెప్పులమ్మేవాడు అన్ని జతలూ తొడుక్కుని చూస్తాడాండీ?" అన్నాను. మాట గట్టిగానే అన్నాను కానీ లోపల నాకూ భయంగానే ఉంది.

ఆ ఆదివారం సుశీల గారింట్లో భోజనాలు. ఆవిడ నాకన్నా పదేళ్ళు పెద్ద, మా తెలుగు కుటుంబాలన్నిటికీ ఆవిడ మాటే మాట. అందరూ వినేలా, "మందు కొట్లో పనట కదమ్మా వసుంధరా! మీ అత్తగారికి తెలుసా?" అంది. ఆడవాళ్ళందరూ ముక్కున వేలేసుకున్నారు. కాసేపటికి వంటింట్లో నన్ను పక్కకి లాగి, గొంతు తగ్గించి, "శనివారం మా వారి బాస్ డిన్నర్‌కి వస్తున్నాడు. ఏదైనా మంచిది, చవగ్గా ఉండేది రెండు సీసాలు తెచ్చిపెడతావా?" అంది. తెచ్చిపెట్టాను. ఈ ఉద్యోగం గురించి ఎవరు ఏమన్నా ఆ తర్వాత నేను పట్టించుకోలేదు.

అరవై పెట్టెల తప్పు

నేను కొన్న మొదటి పెద్ద సరుకు కాలిఫోర్నియా నుంచి వచ్చిన తెల్ల వైన్. అరవై పెట్టెలు. రిక్ అనే సేల్స్‌మన్ ఒక సీసా తెరిచి, గ్లాసులో పోసి, తనొక గుక్క తాగి, అదే గ్లాసు నా చేతికిచ్చాడు. అక్కడ అది మామూలే. దుకాణం వెనక గదిలో ఒకే గ్లాసు నలుగురి చేతులు మారేది.

ఎంగిలి గ్లాసు నోటికి ఎలా ఆనించుకుంటాను? వద్దంటే పని రాదనుకుంటారు. నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే. తలెత్తి, గ్లాసు పెదాలకి తగలకుండా పైనుంచి నోట్లో పోసుకుని, చెంబుతో నీళ్ళు తాగినట్టు గటుక్కున మింగేశాను. అదే నేను మింగిన మొదటి వైన్. చల్లగా, పుల్లగా ఉంది. "బాగుంది," అన్నాను. రిక్ నా వైపు వింతగా చూశాడు కానీ ఆర్డర్ మాత్రం రాసుకున్నాడు.

రెండు వారాలు తిరక్కుండానే సీసాలు వాపసు రావడం మొదలైంది. ఒకావిడ కౌంటర్ మీద ఠపీమని పెట్టి, "ఇది వైనా, వెనిగరా?" అని అడిగింది. నా వెనక వాల్ట్ నిలబడి ఉన్నాడు.

వాల్ట్ అరవలేదు. వెనక గదిలోకి తీసుకెళ్ళి, వాపసొచ్చిన సీసాలోంచి గ్లాసులో కొంచెం పోసి, "తాగొద్దు. వాసన చూడు," అన్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అడుగంటిన బెల్లంపాకం వాసన, దాని వెనక ఘాటైన పులుపు. ఎండలో ఉడికిపోయిన వైన్ అది. ఎమ్మెస్సీలో ఎన్ని సీసాల మూతలు తీసి వాసన చూశానో లెక్కలేదు. ఇక్కడ మాత్రం ఆ ముక్కుని ఇంట్లో వదిలేసి వచ్చాను.

"ఆ రోజు ఈ వాసన రాలేదా?" అన్నాడు.

"వాసన చూడలేదు. పైనుంచి పోసుకుని తాగాను," అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. ఒకరు నోరు పెట్టింది ఇంకొకరం ముట్టమనీ, చిన్నప్పటి నుంచీ మా ఇళ్ళలో అంతేననీ, ఇప్పుడు మార్చుకోమన్నా నావల్ల కాదనీ అన్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అందుకే ఏదీ దాచుకోలేదు.

"నేవీలో రెండేళ్ళు ఒకే మగ్గుతో పదిమంది కాఫీ తాగాం. నాకూ నచ్చేది కాదు," అని వాల్ట్ గిన్నెల వరసలోకి వెళ్ళి ఒక కొత్త గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇది నీది. ఇంకెవరూ ముట్టుకోరు. కానీ ఇకమీదట ముందు ముక్కు, ఆ తర్వాతే నోరు. మింగకు, ఉమ్మెయ్."

ఆ అరవై పెట్టెల్లో సగానికి పైగా పారబోశాం. ఇలాంటి తప్పు మొదటి ఏడాదిలోనే చేసేయడం మంచిది. యజమాని వాల్ట్ లాంటి వాడైతే ఇంకా మంచిది.

మూత తీసింది నాకొద్దు

ఆ సంఘటన తర్వాత నా ఎంగిలి పట్టింపు తగ్గలేదు సరికదా, ఇంకా ముదిరింది. గ్లాసొకటే కాదు, సీసా కూడా వేరే ఎవరూ ముట్టనిదే కావాలన్నాను. రిక్ మళ్ళీ వచ్చి మంచుపెట్టెలోంచి సగం ఖాళీ అయిన సీసా తీశాడు.

"పొద్దున్నించి ఎన్ని కొట్లలో చూపించావు దీన్ని?" అని అడిగాను.

"మూడు. అందరికీ నచ్చింది."

"నాకొద్దు. మీ గోడౌన్‌కి వెళ్దాం. సీసా నేనే ఎంచుకుంటాను, మూత నా ఎదురుగా తియ్యి."

"అన్నీ అదే వైనండీ!" అన్నాడు. అతని మొహం మాడిపోయింది. గోడౌన్లో సరుకు ఇలా లేదని అక్కడే నాకు బోధపడింది. గోడౌన్‌కి వెళ్ళాం. జూలై నెల, రేకుల కప్పు, లోపల మనుషులే ఉడికిపోతున్నారు. పెట్టెలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. పైవరుసలోంచి ఒక సీసా తీయించి మూత మీద బొటనవేలితో తడిమాను. బిరడా ఉబ్బి పైకి తన్నుకొచ్చింది. సీసా మెడ మీద జిగట చార. మూత తీయాల్సిన పనే లేకపోయింది. అట్టడుగు వరుసలోవి మాత్రం గచ్చు చల్లదనానికి బతికి ఉన్నాయి. వాటిని మాత్రమే కొన్నాను.

నా ఆ మొదటి కొనుగోలు తప్పితే, సేల్స్‌మన్ మంచుపెట్టెలో మోసుకొచ్చేది ఎప్పుడూ మంచి సీసాయే. మన దుకాణానికి వచ్చేది మాత్రం గోడౌన్లో ఉన్న సీసా. ఎంతోమంది అనుభవజ్ఞులు ఆ చల్లటి సీసా రుచి చూసి మోసపోవడం నేను చూశాను. నేను మోసపోకపోవడానికి కారణం తెలివితేటలు కాదు, ఇంకొకరు ముట్టింది తాగనన్న మొండితనం. మొదట నన్ను ముంచిన అలవాటే తర్వాత నన్ను గట్టెక్కించింది. నా చదువుకన్నా నాకు అదే ఎక్కువ అన్నం పెట్టింది.

మంచి వైన్ డిస్కౌంట్ కొట్టుకి ఎందుకు వస్తుందని అంజలి అడిగింది. దిగుమతి చేసుకునేవాడు వ్యాపారం మూసేస్తుంటే వస్తుంది. లేబుల్ వంకరగా అతికితే వస్తుంది. పేరు పలకడం కష్టమై జనం కొనకపోతే వస్తుంది. డాలర్ బలంగా ఉన్న ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో చిన్న చిన్న ఊళ్ళ వైన్ కూడా వచ్చేది. పెద్ద పేరున్న వైన్ చవగ్గా వచ్చిందంటే మాత్రం ఏదో లోపం ఉన్నట్టే. నేను పేర్లు చదవడం మానేసి, బిరడా కారి సీసా మెడలో వైన్ మట్టం తగ్గిందేమో చూడటం మొదలుపెట్టాను.

పన్నెండు మంది, ఒక సీసా

రిటైరైనవాళ్ళ కాలనీ ఒకటి మాకు దగ్గర్లో ఉండేది. వాళ్ళ క్లబ్‌హౌస్‌లో నెలకో మంగళవారం మధ్యాహ్నం పన్నెండు మంది కూర్చుని వైన్లు రుచి చూసేవారు. నెలనెలా వాళ్ళకి సీసాలు ఎంచి తీసుకెళ్ళేది నేనే. వాళ్ళని చూసి వాళ్ళ స్నేహితులు కొనేవారు. నిజం చెప్పాలంటే ఆ పన్నెండు మంది మీదే నా వరస నడిచేది.

గుంపు కోసం కొనడం వేరే విద్య. ఒక్క సీసాతో పన్నెండు మందికి తలా రెండు గుక్కలు వస్తాయి, అంతకంటే పొయ్యకూడదు. విడివిడిగా మంచివి ఎనిమిది తీసుకెళ్తే ఎవరికీ ఏమీ గుర్తుండదు. ఒకే ద్రాక్ష, రెండు దేశాలు, అలా జతలుగా పెడితే పోల్చుకుంటారు, వాదించుకుంటారు, మళ్ళీ వస్తారు. ప్రతిదానికీ అదనంగా ఇంకో సీసా దగ్గర ఉంచుకోవాలి, ఎందుకంటే ఏ బిరడా ఎప్పుడు పాడవుతుందో దేవుడికి కూడా తెలియదు. ఒకసారి ముచ్చటపడి కారప్పూస చేసి తీసుకెళ్ళాను. గిన్నె ఖాళీ చేశారు, రెసిపీ రాసుకున్నారు, వైన్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. తర్వాత నుంచి చప్పటి బ్రెడ్ ముక్కలే.

మనిషికో విడి గ్లాసు అనేది నా నియమం. మొదట్లో నవ్వుకున్నారు కానీ, తర్వాత వేరేచోట్లకి వెళ్ళినా వాళ్ళు అదే అడిగేవారు.

ఎనభైల నడుమ డాక్టర్ హెండ్రిక్స్ ఆ కాలనీకి వచ్చాడు. తూర్పు రాష్ట్రాల్లో పళ్ళ డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఒక గదంతా చల్లబరిచి ఖరీదైన సీసాలు దాచుకున్నాడు. ఏడాది తిరక్కుండా క్లబ్బుకి అధ్యక్షుడయ్యాడు.

"మిసెస్ ప్రసాద్, మీరు మంచివారే. కానీ మంచి వైన్ తోట గొట్టాల పక్కన దొరకదు. వచ్చే ఏడాది నుంచి స్కాట్స్‌డేల్‌లో ఒక అసలైన వైన్ దుకాణం నుంచి తెప్పించుకుంటాం," అన్నాడు నాతో.

అది వాల్ట్ చెవిన పడింది. అప్పటికే అతని కన్ను ఆ వరస మీద ఉంది. "వాసూ, నీ పని మీద నాకు వంక లేదు. కానీ ఆ క్లబ్బు పోతే ఆ వరస నిలవదు. అక్కడ పెరటి కుర్చీలు పెడతాను. నువ్వు మళ్ళీ కౌంటర్‌కి రావాల్సిందే," అన్నాడు.

ఆ రోజు ఇంటికొచ్చి బాగా ఏడ్చాను. ప్రసాద్ నా పక్కన కూర్చుని, "ఆయన సీసాలూ నీ సీసాలూ పక్కపక్కన పెట్టి రుచి చూడమను వసూ. పేర్లు కనపడకుండా," అన్నాడు. మా ఆయన తక్కువ మాట్లాడతాడు, కానీ ఆ రోజు మాట్లాడింది బంగారం.

కాగితం సంచులు

డాక్టర్ వెంటనే ఒప్పుకున్నాడు. మూడు జతలు. ప్రతి జతలో ఆయన గదిలోంచి ఒకటి, నా వరసలోంచి ఒకటి. క్లబ్బు సెక్రటరీ రూత్, నిక్కచ్చి మనిషి, సీసాలన్నీ కాగితం సంచుల్లో పెట్టి అంకెలు వేసింది. ఏది ఎవరిదో నాకూ తెలియదు, డాక్టర్‌కీ తెలియదు. సంచులు సర్దిన రూత్‌కి ఓటు లేదు. మేమిద్దరం రుచి చూడొచ్చు, ఓటు మాత్రం మిగతా పదకొండు మందిదే. ఎవరికి రెండు జతలు వస్తే వచ్చే ఏడాది వైన్ వాళ్ళు చెప్పిన చోటి నుంచే. వాల్ట్ కూడా వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు.

మొదటి జత తెల్లవైన్లు. ఏడు ఓట్లు, నాలుగు ఓట్లు. రూత్ సంచి తీసింది. ఏడు ఓట్లు వచ్చింది లేబుల్ వంకరగా అతికిన నా కాలిఫోర్నియా సీసాకి. డాక్టర్ గొంతు సవరించుకున్నాడు.

రెండో జత ఎర్రవి. నాలుగో నంబరు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడిసిన గోనెసంచి వాసన. మళ్ళీ చూశాను. అదే. బిరడా పాడై వైన్‌ని చంపేసింది. చుట్టూ చూస్తే అందరూ మొహమాటంగా తలలూపుతున్నారు. "ఏదో లోతుగా ఉంది," అంది ఒకావిడ. "పుట్టగొడుగుల వాసన. పాత వైన్లకి ఉండే గొప్పతనం ఇది," అన్నాడు డాక్టర్.

అది నాదా, ఆయనదా? నాదైతే, పాడైపోయిన సీసా తెచ్చానని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. ఆయనదైతే, నోరు మూసుకుంటే చాలు, ఆ జత నాది, ఆటా నాది. రెండు రకాలుగానూ ఊరుకోవడమే లాభం. వెనక్కి తిరిగి వాల్ట్ వైపు చూశాను. అతనికేమీ తెలియదు, నా వైపు చూసి బొటనవేలు ఎత్తాడు.

కానీ పాడైన వైన్‌ని బాగుందని ఒకసారి అన్నాను. అరవై పెట్టెల మీద అన్నాను. మళ్ళీ అనడం నావల్ల కాలేదు.

"నాలుగో నంబరు పాడైపోయింది. ఎవరిదైనా సరే, దీనికి ఓటు వేయకండి. అదనపు సీసా తెరవండి," అన్నాను.

రూత్ సంచి తీసింది. అది డాక్టర్‌ది. ఫ్రాన్స్‌లో వైన్లకి పేరుమోసిన బోర్డో నుంచి వచ్చింది, ఆయన సీసాలన్నిట్లోకీ గొప్పది. ఆయన మొహం కందగడ్డలా అయింది. "దీన్ని పాడైందంటారా? దీని గురించి మీకేం తెలుసు?" అన్నాడు.

"నాకు దీని పేరు కూడా సరిగా పలకడం రాదు డాక్టర్ గారూ. కానీ మీరు ఇంకోటి తెచ్చారు కదా. అది పోసి, రెండూ పక్కపక్కన వాసన చూడండి."

రెండో సీసా తెరిచారు. ఆయన ఒక గ్లాసు వాసన చూశాడు. రెండోది చూశాడు. మళ్ళీ మొదటిది. చివరికి మొదటి గ్లాసుని బల్ల చివరికి నెట్టేశాడు.

ఎవరిదో బయటపడిందని కాదు, ఆ రెండో సీసా నిజంగా అద్భుతంగా ఉంది. పదకొండింట తొమ్మిది ఓట్లు దానికే. ఆ జత ఆయనకి వెళ్ళిపోయింది. వాల్ట్ వెనక నుంచి ఒక నిట్టూర్పు విడిచాడు, గది మొత్తానికి వినపడింది.

ఇక మూడో జత. ఇటు ఫ్రాన్స్‌లో రోన్ లోయ నుంచి, ఎవరూ వినని ఊరి వైన్, నేను గోడౌన్ అట్టడుగు వరుసలోంచి నా చేత్తో తీసి తెచ్చింది. అటు డాక్టర్ పదేళ్ళుగా దాచుకున్నది. అందరి గ్లాసుల్లోనూ పోశారు. ఈసారి ఎవరూ మొహమాటానికి తలూపలేదు. అందరూ ముందు ముక్కు పెట్టి, ఒకటికి రెండుసార్లు చూసి, అప్పుడు నోట్లో పోసుకున్నారు. రూత్ ఓట్లు లెక్కపెట్టి సంచి తీసింది. ఎనిమిది ఓట్లు. ఊరూ పేరూ లేని నా సీసాకి.

నేను లేచి అరిచేశాను. ఏ భాషలో అరిచానో ఇప్పటికీ గుర్తులేదు. వాల్ట్ నన్ను గట్టిగా కావలించుకుంటే అందరూ చప్పట్లు కొట్టారు. డాక్టర్ అందరి సందడీ అయ్యేదాకా ఆగి, నా దగ్గరికొచ్చి చేయి కలిపాడు.

"మీరు నోరు మూసుకుని ఉంటే అప్పుడే గెలిచేసేవారు," అన్నాడు.

"అప్పుడు ఆ పాడైన వైన్ మీరంతా తాగాల్సొచ్చేది కదండీ," అన్నాను.

"మా ఇంటికి రండి. నా గదిలో ఇంకెన్ని చచ్చాయో చెప్పాలి మీరు."

మర్నాడు పొద్దున్నే డాక్టర్ హెండ్రిక్స్ మా దుకాణానికి వచ్చాడు. ఆ గుమ్మం తొక్కడం ఆయనకి అదే మొదటిసారి. తోపుడుబండి ఒకటి తీసుకుని నా వరసలో మెల్లగా నడుస్తూ, ప్రతి సీసా మూతా బొటనవేలితో తడుముకుంటూ బండి నింపుకున్నాడు. వాల్ట్ దూరం నుంచి అదంతా చూసి నా దగ్గరికొచ్చాడు.

"కుర్చీల ఆర్డర్ కాన్సిల్ చేశాను. ఈ వరస ఎప్పటికీ నీదే వాసూ. ఇంకేమైనా కావాలా?"

ఒకపక్క తోట గొట్టాలైతే, ఇంకోపక్క వరసలో కుక్కల తిండి బస్తాలు ఉండేవి. ఆ వాసనలో ఏ వైన్‌నీ సరిగ్గా చూడటానికి వీలయ్యేది కాదు. ఆరేళ్ళుగా ముక్కు పట్టుకుని పనిచేశాను.

"ఆ కుక్కల తిండి వరస కూడా కావాలి," అన్నాను.

సాయంత్రానికి ఆ వరస ఖాళీ చేయించాడు.